మారేడుమిల్లి వెళ్ళండి, గది చూడకుండా మాత్రం డబ్బు పంపకండి

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మేడ ఎక్కి ఎటు చూసినా కొబ్బరి మొవ్వులే, గుట్ట అన్నది కంటికి ఆనదు. అందుకే 2024 డిసెంబరు రెండో శనివారం పిల్లలకి సెలవు కలిసొస్తే మన్యంలోని మారేడుమిల్లి, అక్కడి గుడిస కొండ చూద్దాం అనుకున్నాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, బావమరిది, అందరికంటే ముఖ్యంగా మా నాన్న. ఆయనకి 68 ఏళ్ళు, చేను తోట తప్ప వేరే లోకం లేకుండా బతికిన మనిషి, తిరుపతి కొండ తప్ప ఇంకో కొండ ఎరగరు. మబ్బులు కాళ్ళ కింద ఉంటాయంటే ఆయన నమ్మలేదు, చూపించాలని నా పట్టుదల.

దారి గురించి చెప్పడానికేం లేదు. రావులపాలెం, రాజమండ్రి, కోరుకొండ, గోకవరం, రంపచోడవరం, రోడ్డు బాగానే ఉంది. అల్లూరి సీతారామరాజు జిల్లా అన్న బోర్డు చూసి పెద్దాడు ఏదో అడిగితే నాన్న వెనక సీట్లోంచి అందుకున్నారు. 1882 అడవి చట్టం వచ్చాక పోడు కొట్టుకోవడానికి లేక మన్యం వాళ్ళు ఎంత నలిగారో, 1922 ఆగస్టులో వరసగా మూడు రోజులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద దాడి చేసి తుపాకులు ఎలా పట్టుకుపోయారో చెబుతూనే ఉన్నారు. అంత హుషారుగా ఆయన్ని చూసి చాలా కాలమైంది.

ఆ హుషారంతా గది దగ్గర పోయింది.

ఫోన్లో మాట్లాడినప్పుడు లాడ్జివాడు రెండు గదులు, ఒక్కోటి 2,600, వేణ్ణీళ్ళు 24 గంటలు అన్నాడు. సగం ముందే పంపమంటే 2,600 పంపాను. తీరా మధ్యాహ్నం వెళ్తే, 'ఒక గదే మిగిలింది సార్, పెద్దది, సర్దుకోండి' అన్నాడు కౌంటర్లో కుర్రాడు. ఆ ఒక్క గదికి 4,000 అట, పరుపులు రెండు వేస్తే ఒక్కోటి 400. ఇదేంటయ్యా అంటే ఓనరుకి ఫోన్ చేయమంటాడు, ఓనరు ఫోన్ ఎత్తడు. శనివారం, జనం కిటకిట, ఇంకెక్కడా గది లేదు, పిల్లలు ఆకలంటున్నారు. ఇంకో 2,200 కట్టి తాళం తీసుకున్నాను. గీజరు పని చేయదు, వేణ్ణీళ్ళు బకెట్టు 50. దుప్పట్లు విప్పితే ముక్కిన వాసన. కిటికీ రెక్క ఒకటి అసలు పడదు, చలిగాలి నేరుగా నేల మీద పరుపులకే తగులుతోంది. మా ఆవిడ ఒక్క మాట అనలేదు, ఆమె మౌనమే నాకు ఎక్కువ భయం.

రాత్రి ఒంటిగంటకి లేచి చూస్తే నాన్న పరుపు ఖాళీ. బయటికి పరుగెత్తాను. కారులో, తలకి తువ్వాలు చుట్టుకుని, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని కూర్చున్నారు. 'పిల్లలకి దుప్పటి చాల్లేదురా, నాది కప్పేశాను' అన్నారు. 4,800 కట్టి కన్నతండ్రిని కారులో పడుకోబెట్టినందుకు నాకు ఇప్పటికీ కడుపు మండుతోంది.

మమ్మల్ని ఆదుకుంది రోడ్డు పక్కన బొంగు చికెన్ పాక. సాయంత్రం అక్కడే తిన్నాం. కిలో 600, రెండు కిలోలు చెప్పాం. కోడి ముక్కలకి ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించి పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకు దోపి నిప్పుల మీద పెట్టింది ఆ పాక ఆవిడ. నూనె చుక్క లేదు, నీళ్ళూ లేవు. 'పచ్చి బొంగులోంచే నీరూరుద్దండి' అంది. ముప్పావుగంట బొంగుని తిప్పుతూనే ఉంది, పైన నల్లగా మాడాక ఆకులో వంచితే ముక్కలు పొగలు కక్కుతూ జారాయి. ఎముక దగ్గర కూడా మెత్తగా, వెదురు వాసనతో. కారం తినని మా చిన్నాడు కూడా ఇంకా కావాలన్నాడు.

రాత్రి నాన్నని నడిపించుకుని ఆ పాకకే వెళ్ళాను. ఆవిడ భర్త ఇంకా మేలుకునే ఉన్నాడు. బూడిద కిందున్న నిప్పు పైకి తోసి, రెండు దుంగలు వేసి, 'రండి బాబాయి గారూ, కూర్చోండి' అన్నాడు. మూడింటిదాకా ఇద్దరూ పశువుల కబుర్లే. టీ పెట్టి ఇచ్చి డబ్బులు వద్దన్నాడు. బలవంతాన వంద చేతిలో పెట్టాను.

నాలుగింటికి జీపు. గుడిసకి రానూపోనూ 4,000. మన కార్లు అక్కడికి పనికిరావు, రాళ్ళ దారి, నడుము నొప్పి ఉన్నవాళ్ళు ముందు సీటు అడిగి తీసుకోండి. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని రెండో చేత్తో నాన్నని పట్టుకున్నాను. పైన చెట్లు లేవు, మోకాటి ఎత్తు గడ్డి, ఎంత దూరం చూసినా గడ్డి గుట్టలే. ఎండ పొడ వచ్చేసరికి లోయంతా తెల్లటి మబ్బు, మధ్యలో కొండ కొనలు లంకల్లా తేలుతున్నాయి. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, 'వరదొచ్చినప్పుడు మన లంకలు ఇలాగే ఉంటాయిరా, కాకపోతే ఇక్కడ భయం లేదు' అన్నారు.

నేను చెప్పేది ఇంతే: గుడిస కోసం వెళ్ళండి, నూటికి నూరుపాళ్ళు వెళ్ళొచ్చు. జలపాతాలు కావాలంటే మాత్రం వర్షాలు వెనకబడుతుండగా వెళ్ళాలి, మేం చూసినప్పుడు జలతరంగిణి సన్నబడిపోయింది. శని, ఆదివారాలు వద్దు. గదికి ముందు పర్యాటక శాఖ, అటవీ శాఖ వసతులు చూసుకోండి, అవి దొరక్కపోతేనే ప్రైవేటు. అడ్వాన్సు అడిగితే గదీ, బాత్రూమూ వీడియో కాల్లో చూపించమనండి, చూపించనివాడికి పైసా పంపకండి. దుప్పట్లు ఇంటి నుంచే వేసుకెళ్ళండి, దోమల మందు మర్చిపోవద్దు. సిగ్నల్ సరిగా ఉండదు, చేతిలో నోట్లు ఉండాలి. డీజిలుతో కలిపి మాకు మొత్తం 14,000 దాటింది.

వచ్చేటప్పుడు పాక దగ్గర ఆగితే నాన్న ఒక ఖాళీ బొంగు అడిగి తెచ్చుకున్నారు. అంచు ఏటవాలుగా చెక్కి పశువుల పాకలో గుంజకి కట్టారు, దూడకి మందు పోయడానికి.