హద్దుల సర్వే అని బొమ్మ గీసిచ్చి పోతున్నారు, జాగ్రత్త

పక్కింటివాళ్లతో గోడ తగాదా ఉన్నవాళ్లు ‘సర్వే, రాజీ రెండూ మేమే చూసుకుంటాం’ అనే ఆ సంస్థకు డబ్బు కట్టే ముందు ఒక్క నిమిషం ఆగండి. పేరు రాయడం లేదు. ఒక్కసారైనా హద్దుల గురించి వెతికినవాళ్లకు ఎవరో అర్థమయ్యే ఉంటుంది.

సంగతి పెద్దదేమీ కాదు. పాత ప్రహరీ పడగొట్టి కొత్తది కట్టాలి. ఆ గోడ మా వైపు ఒక అడుగు జరిగిందని నా అనుమానం, జరగలేదని పక్కింటి పెద్దాయన. మాటా మాటా పెరగకముందే మూడో మనిషి చేత కొలిపిద్దామని ఇద్దరం ఒప్పుకున్నాం. డబ్బంతా ముందే కట్టమన్నారు, కట్టాను. అంత మర్యాదస్తుణ్ణి మరి!

వచ్చినవాడి చేతిలో ఒక ఫోను, ఒక గుడ్డ టేపు. ఫోనులో ఉపగ్రహ పటం తెరిచి నా స్థలం చుట్టూ వేలితో గీత గీశాడు. ఆకాశం తేటగా కనిపించే ఆరుబయట కూడా మామూలు ఫోను చూపే స్థానం సుమారు 5 మీటర్లు అటూ ఇటూ ఉంటుంది, గోడల పక్కన, చెట్ల కింద ఇంకా ఎక్కువ. మా తగాదా 30 సెంటీమీటర్ల మీద! ఆ తరువాత టేపు. మా స్థలం వాలుగా ఉంటుంది. నక్షాలో ఉండే దూరం సమతలంగా లెక్కకట్టినది. ఈయన మాత్రం వాలు వెంట నేల మీదే టేపు పరిచి, మధ్యలో పూలపొద మీదుగా లాగాడు. 30 మీటర్ల దూరంలో నేల 3 మీటర్లు దిగితే చాలు, అలా పరిచిన టేపు 15 సెంటీమీటర్లు ఎక్కువ చూపిస్తుంది. అంటే సగం అడుగు అక్కడే పుట్టింది. అది చాలదన్నట్టు పెద్దాయన గోడ మీద, ఆయన్ని అడగకుండానే, ఎర్ర రంగుతో బాణం గుర్తు వేశాడు.

పెద్దాయన దస్తావేజు పట్టుకుని బయటికి వచ్చారు. కేకలు వేయలేదు. ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: “బాబూ, ఏ రాయి దగ్గర నుంచి కొలిచావు?”

మూలన పాత హద్దు రాయి సగం మట్టిలో కూరుకుపోయి ఉంది. దాని వైపు ఇతను కన్నెత్తి కూడా చూడలేదు. ఇప్పుడు నా వైపు తిరిగి, ఏమాత్రం తడబడకుండా, “సార్ ఎక్కడ నిలబడితే అక్కడి నుంచి కొలిచానండి, నాకేమి తెలుసు?” అన్నాడు.

నేను నిలబడింది టేపు రెండో కొస పట్టుకోమన్నాడని! డబ్బూ ఇచ్చి, కూలీ పనీ చేసి, చివరికి దొంగ కొలత చేయించినవాడిని కూడా నేనే అయ్యాను. పెద్దాయన అతన్ని ఒక్క మాట అనలేదు. “నువ్వు తెచ్చిన మూడో మనిషి ఇతనా?” అని నన్నడిగి లోపలికి వెళ్లిపోయారు. ఇన్నేళ్లుగా ఎదురుపడితే పలకరించుకునేవాళ్లం.

సాయంత్రానికి రంగురంగుల నక్షా వచ్చింది. అడుగున చీమ తలకాయంత అక్షరాలు: ‘అవగాహన కోసం మాత్రమే, వివాదాల్లో ఆధారంగా చూపరాదు’. వివాదం లేకపోతే హద్దు ఎందుకు కొలిపిస్తారు స్వామీ? సంతకం ఏదని ఫోను చేస్తే మీ ప్యాకేజీలో సంతకం ఉండదన్నారు. రాజీ సంగతి అడిగితే, “ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి సార్” అన్నారు. ఆ సలహాకు కూడా లెక్క కట్టే ఉంటారు.

మీరు ఎవరిని పిలిచినా ముందు లైసెన్సు చూడండి, ఏ రాయి నుంచి కొలుస్తారో, నక్షా మీద సంతకం పెడతారో లేదో అడగండి. అవతలివాళ్ల దస్తావేజు కూడా సర్వేయర్ చేతిలో ఉండాలి, కొలిచే రోజు వాళ్లకు ముందుగా రాతపూర్వకంగా తెలియజేయాలి. ఒప్పందం కుదిరితే కాగితం మీద పెట్టి ఇద్దరూ సంతకాలు చేయండి, రిజిస్ట్రేషన్ అవసరమా అన్నది వకీలును అడగండి. అప్పటిదాకా గోడ జోలికి పోకండి.