నల్లగొండ నర్సరీలో ఆకు మొక్కలు: ఏవి కొనాలి, ఏవి దండగ

మా డాబా మీది కుండీలకు మొక్కలన్నీ కొన్నేళ్లుగా నల్లగొండ ఊరి చివర రోడ్డు పక్కనున్న ఒక నర్సరీ నుంచే తెస్తున్నా. కరివేపాకు, తులసి, నిమ్మగడ్డి కోసమైతే వెళ్లండి, పుదీన, కొత్తిమీర కోసం మాత్రం పెట్రోల్ దండగ. పుదీన చిన్న కవర్‌కు ముప్పై రూపాయలు అడుగుతారు. అదే కూరగాయల మార్కెట్లో ఒక కట్ట తెచ్చుకుని, ఆకు పచ్చడికి వాడేసి, ముదురు కాడలు తడిమట్టిలో గుచ్చి నీడన పెడితే వాటంతటవే వేర్లు పోసుకుంటాయి. కొత్తిమీర అయితే వేరు కదిలిస్తే ఓర్చుకోదు, ధనియాలు రెండు బద్దలయ్యేలా నలిపి చల్లుకోవడమే.

కరివేపాకు మాత్రం నర్సరీదే నయం, ఎందుకంటే ఎవరి పెరట్లోనో పిలక పీకి తెస్తే వేరు తెగి చాలాసార్లు ఎండిపోతుంది. కొనేటప్పుడు పొడుగు చూసి మోసపోవద్దు, కవర్ ఎత్తి అడుగు చూడండి. వేరు కవర్ చీల్చుకుని నేలలోకి దిగి ఉంటే లాగినప్పుడు అది తెగుతుంది, ఇంటికొచ్చాక ఆకంతా రాల్చేస్తుంది. మొదటి ఏడాది అసలు పెరుగుతున్నట్టే ఉండదు, టెన్షన్ పడకండి. కాస్త ఎదిగాక కొస తుంచితే పక్క కొమ్మలు వేస్తుంది. ఆకులు తినే పచ్చ పురుగులు కనిపిస్తాయి, అవి సీతాకోకచిలుక పిల్లలే, చేత్తో తీసేస్తే పోతుంది. చారులో వేసుకునే ఆకు మీద మందు కొట్టమని సలహా ఇచ్చేవాళ్లను ఏమనాలో నాకు తెలియదు!

ఈ నర్సరీతో నాకున్న పెద్ద గొడవ పేర్ల దగ్గర. నిమ్మగడ్డి అడిగితే ఒకసారి సిట్రోనెల్లా అంటగట్టారు. చూడ్డానికి రెండూ ఒకే గడ్డి, కానీ సిట్రోనెల్లా కాడ మొదట్లో ఎర్రగా ఉంటుంది, ఆకు నలిపితే దోమల మందు వాసన, టీలో వేసుకునేది కాదు. సరస్వతి ఆకుకీ నీటి బ్రాహ్మికీ ఇదే తంతు, "రెండూ ఒకటేనక్కా" అంటాడు పనిచేసే పిల్లగాడు. సరస్వతి ఆకు గుండ్రంగా, అంచున నొక్కులతో ఉంటుంది, ఈ నీటి బ్రాహ్మికి చిన్నచిన్న దళసరి ఆకులు. డబ్బులిచ్చే ముందే ఒక ఆకు తుంచి వాసన చూడండి, ఎవరూ ఏమీ అనుకోరు.

మొక్కల్లో చాలావరకు తూర్పు గోదావరి జిల్లా కడియం నర్సరీల నుంచి లారీలో వస్తాయి, అక్కడి గాలి వేరు, మన ఎండ వేరు. అందుకే "లోడు ఎప్పుడొచ్చిందన్నా" అని అడిగి, దిగి రెండు మూడు వారాలైన వాటినే తీసుకుంటా. గ్రీన్ నెట్ కింద పెరిగినదాన్ని తెచ్చి ఒకేసారి ఎండలో పెట్టినా మాడిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో అసలు కొనొద్దు, మృగశిర కార్తె దాటి నాలుగు వానలు పడ్డాక తెచ్చినవే నా దగ్గర నిలిచాయి. ఇంకోటి, బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ఆకుల అంచులు మాడతాయి, కుండీ చుట్టూ తెల్లగా పేరుకుంటుంది. వానాకాలంలో డ్రమ్ము నింపి పెట్టుకోవడం మంచిది.

ధరలు మొత్తానికి ఫర్వాలేదు, బేరమాడితే ఐదో పదో తగ్గిస్తారు. గేటు దగ్గరే అందమైన కుండీల్లో వాము ఆకు, రణపాల పెట్టి యాభై, అరవై చెబుతారు చూడండి, అవి మాత్రం కొనకండి. వాము ఆకు కొమ్మ విరిచి గుచ్చితే చాలు, రణపాల అయితే ఆకు మట్టి మీద పడేస్తే అంచుల నుంచి పిల్లలు లేస్తాయి, మీ వాడకట్టులో ఎవరినడిగినా ఇస్తారు.