ఆటోనగర్‌లో పాత జిప్సీ సామాన్ల షాపు

మా మారుతి జిప్సీ జీపు 2004 మోడల్. జూన్ వానలు పడ్డాక నూజివీడు దగ్గర మా మామిడి తోట దారిలో ట్రాక్టరు తర్వాత ఇదొక్కటే వెళ్లగలదు. అందుకే ఎవరెంత చెప్పినా అమ్మలేదు. పోయిన వేసవిలో, సరిగ్గా కాయకోతల మధ్యలో దానికి వణుకు పట్టుకుంది. అరవై స్పీడులో చిన్న గుంత తగిలినా స్టీరింగ్ అటూ ఇటూ కొట్టుకునేది. బండి దాదాపు ఆపితే తప్ప తగ్గేది కాదు. ఒకసారి మా ఆవిడ పక్కనుండగా అలా అయ్యాక నాకు చాలా టెన్షన్ పట్టుకుంది.

ఒక గ్యారేజీలో స్టీరింగ్ బాక్స్ మొత్తం మార్చాలన్నారు. ఇంకోచోట టైర్లు బ్యాలెన్స్ చేసి పంపితే రెండో రోజుకే మళ్లీ మొదలైంది. చివరికి తెలిసిన డ్రైవరు చెబితే విజయవాడ ఆటోనగర్‌లోని ఈ షాపుకు వెళ్లాను. లోపల ఇద్దరు నిలబడితే మూడోవాడికి చోటుండదు.

"స్టీరింగ్ బాక్స్ ఉందా బాబాయ్?" అని అడిగాను. షాపు పెద్దాయన లేవలేదు. "ముందు ఇంటికెళ్లి చక్రం లేపి చూడు బాబూ" అన్నారు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాలట. ఆట, అంటే వదులు కనిపిస్తే ఒకర్ని బ్రేకు తొక్కి పట్టమని మళ్లీ ఊపాలి. ఆట పోతే చక్రం బేరింగ్, పోకపోతే కింగ్ పిన్ బేరింగ్, అంటే చక్రం పక్కలకి తిరిగే కీలులోది పోయినట్టు. మా అబ్బాయి బ్రేకు తొక్కాడు. ఎడమ చక్రంలో ఆట అలాగే ఉంది.

బేరింగులు విప్పి పట్టుకెళ్తే ఆయన తుడిచి, బేరింగు బయటి రింగు లోపల పడిన గాట్లను నా వేలితో తడిమి చూడమన్నారు. ఏక్సిల్ లోపలి ఆయిల్ సీలు కారి, డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలోని గేర్ల పెట్టె) ఆయిల్ నకిల్‌లోకి, అంటే ఆ కీలు గూడులోకి వచ్చి గ్రీజును పల్చన చేసిందని, బేరింగులు అందుకే పోయాయని చెప్పారు. సీళ్లు మార్చకుండా బేరింగులు వేస్తే మళ్లీ ఇదే గతి అన్నారు. రెండు వైపులకీ బేరింగులు, సీళ్లు, షిమ్ములు (సందులో వేసే పల్చటి రేకులు), ఎడమవైపుకి ఫెల్టు (దుమ్ము ఆపే బొంత రింగు) అన్నీ కలిపినా గ్యారేజీ చెప్పిన దాంట్లో నాలుగో వంతు కాలేదు.

షిమ్ము తీస్తే బిగువు పెరుగుతుంది, వేస్తే తగ్గుతుంది. బయటి సీలు బిగించక ముందే నకిల్ ఆర్మ్ చివర స్ప్రింగ్ కాటా తగిలించి లాగాలి. కిలోకీ కిలో ఎనిమిది వందల గ్రాములకీ మధ్య కదిలితే సరిపోయినట్టు. మా కాయలు తూచే కాటా దీనికి పనికిరాదు. వీధిలో చేపలమ్మే ఆమెనడిగి చిన్న కాటా తెచ్చుకున్నాను. రెండు ఆదివారాలు పట్టింది. ఇప్పుడు హనుమాన్ జంక్షన్ దాకా ఒక చేత్తో పట్టుకుని వెళ్లొచ్చు.

తోటలోంచి రోడ్డెక్కాక ఫోర్ వీల్ గేరు ఇరుక్కుపోతుందని కూడా అడిగాను. తారు మీద ఫోర్ వీల్‌లో నడపొద్దని గట్టిగానే చెప్పారు. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు సమానంగా తిరగవు, ఆ తేడాని తీసుకునే డిఫరెన్షియల్ ఈ బండికి మధ్యలో లేదు. ఇరుక్కుంటే కాస్త రివర్స్ పోనిచ్చి లాగమన్నారు. అది పనిచేసింది.

నచ్చనివీ ఉన్నాయి. స్ప్రింగు పట్టీల రబ్బరు బుష్‌లు చవక రకం ఇచ్చారు, ఎనిమిది నెలలకే పగిలాయి. రెండు రకాలున్న సంగతి ముందే చెప్పాల్సింది. అడిగితే గానీ బిల్లు ఇవ్వరు, పార్సిల్ పంపరు. వెళ్లేవాళ్లు పాత సామాను తప్పకుండా పట్టుకెళ్లండి, మోడల్ పేరు చెబితే చాలదు.

కుడివైపు ఫెల్టు ఆ రోజు స్టాకు లేక పాతదే కడిగి వేశాను. దానికోసం వచ్చే బుధవారం మళ్లీ వెళ్తున్నాను. ఈసారి మంచి రకం బుష్‌లు కూడా తెచ్చుకోవాలి.