పుత్తూరు మీదుగా ఒకసారి, పలమనేరు మీదుగా ఒకసారి

2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వానల్లో ఒక రాత్రి, రేణిగుంట నుంచి ఇంటికి వస్తుండగా, మా పాత మారుతీ ఆమ్నీ వెనక భాగం నీళ్లు నిలిచిన మలుపులో పక్కకు జారి, నేనేం చేశానో నాకే తెలియకుండా మళ్లీ దారికి వచ్చింది. బండి డివైడరుకు తగలలేదు, ఎవరికీ దెబ్బ తగలలేదు. కానీ ఆ రెండు క్షణాల్లో నా చేతులు స్టీరింగును ఎటు తిప్పాయో ఎంత ఆలోచించినా గుర్తుకు రాకపోవడం చాలాకాలం మనసులో ముల్లులా ఉండిపోయింది. కారు వెనక భాగాన్ని కావాలనే జారించి, ఆ జారుడును అదుపులో పెట్టుకుంటూ మలుపు తిప్పడాన్ని డ్రిఫ్టింగ్ అంటారనీ, దాన్ని పోటీల కోసం కాకుండా ఒక్క రోజు అనుభవంగా నేర్పించేవాళ్లు కూడా ఉన్నారనీ తెలిసినప్పుడు, నలభై దాటిన వయసులో ఈ కోరికేమిటని ఇంట్లో అందరూ నవ్వారు. మా అమ్మ మాత్రం నవ్వకుండా, "పోతే పో నాయనా, తిరిగొచ్చే దారిలోనే పుత్తూరు ఉండాది, కట్టు కట్టించుకుని రావచ్చు" అంది.

ఆ మాటలో నిజం లేకపోలేదు. నేను మొదట ఎంచుకున్నది చెన్నై శివార్లలోని శిక్షణ. తిరుపతి నుంచి పుత్తూరు, నగరి, తిరుత్తణి, తిరువళ్లూరు మీదుగా శ్రీపెరుంబుదూరు చేరడానికి మూడు గంటలు చాలు కనుక, దగ్గర అన్న ఒక్క కారణంతోనే నేను దానివైపు మొగ్గాను. శ్రీపెరుంబుదూరుకు ఆనుకునే ఇరుంగాట్టుకోట్టై ఉంది, అక్కడ 1990లో మొదలైన 3.717 కిలోమీటర్ల రేసు ట్రాకు ఉంది. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ కట్టించిన ఆ ట్రాకు పేరు వినగానే నాలాంటివాళ్లకు ఎవరైనా టికెట్టు కొని లోపలికి వెళ్లి బండి తిప్పి రావచ్చన్న భ్రమ కలుగుతుంది. నిజానికి ఇటువంటి ట్రాకులను నిర్వాహకులు కొన్ని రోజులకు అద్దెకు తీసుకుని తమ కార్యక్రమాలు నడుపుకుంటారని అడిగితే చెప్పారు. కోయంబత్తూరు దగ్గరి 2.1 కిలోమీటర్ల కరి మోటార్ స్పీడ్‌వే గురించి అడిగినప్పుడూ ఇదే సమాధానం వచ్చింది. పైగా డ్రిఫ్టింగ్‌లో ఓనమాలు దిద్దేవాడికి నాలుగు కిలోమీటర్ల ట్రాకుతో పని లేదు. చదునుగా ఉండి, చుట్టూ గుద్దుకోవడానికి ఏమీ లేని ఖాళీ స్థలం ఉంటే చాలు. ఈ సంగతి నాకు ముందే తెలిసి ఉంటే మొదటి ప్రయాణం ఖర్చు మిగిలేది.

ఆ మొదటి నిర్వాహకుల పేరు ఇక్కడ చెప్పబోవడం లేదు. వాళ్లు మమ్మల్ని రప్పించింది ట్రాకుకు కాదు, ఒక పెద్ద వాహనాల యార్డు వెనక ఉన్న తారు మైదానానికి. ఉదయం 8 గంటలకు రమ్మన్నారు, 10 దాటాక మొదలుపెట్టారు. ఖరీదైన జర్మన్ కారు ఒకటి నిగనిగలాడుతూ నిలబడి ఉంది. మేము పద్నాలుగు మందిమి, కారు ఒక్కటే. ముందు శిక్షకుడు నడుపుతుంటే మేము పక్కన కూర్చోవాలి, తర్వాత మా వంతు. పక్కన కూర్చున్న ఆ కొద్దిసేపూ అద్భుతంగానే ఉందని ఒప్పుకోవాలి. రబ్బరు కాలిన వాసన, కిటికీలోంచి ఎదురుగా వస్తున్నట్లు కనిపించే మైదానం, కడుపులో తిరణాల రంగులరాట్నం దిగినప్పటి తిప్పుడు, అన్నీ ఉన్నాయి. కానీ అది చూడటమే తప్ప నేర్చుకోవడం కాదు. నా వంతు వచ్చాక నేను గడియారం చూసుకుంటూనే ఉన్నాను. సాయంత్రం 4 గంటల దాకా అక్కడ గడిపిన రోజులో నా చేతిలో స్టీరింగు ఉన్న సమయం మొత్తం 11 నిమిషాలు. ఆ కారు ఆటోమేటిక్, నేల పొడిగా ఉంది, టైర్లు అరుగుతాయని శిక్షకుడికి బెంగ. మూడుసార్లు బండి గిర్రున తిరిగి ఆగిపోయింది, ఎందుకు ఆగిందో చెప్పేలోపు వెనక వరుసలోని కుర్రాడు హెల్మెట్టు పెట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆ హెల్మెట్టు కూడా అందరికీ ఒక్కటే, లోపలి గుడ్డ తడిసి ఉంది. వీడియో తీసిన డబ్బు వేరుగా అడిగారు.

బస మాత్రం బాగుంది. చుట్టూ కార్ల ఫ్యాక్టరీలు ఉండటం వల్ల శ్రీపెరుంబుదూరులో కంపెనీ పనుల మీద వచ్చేవాళ్ల కోసం కట్టిన శుభ్రమైన హోటళ్లు చాలా ఉన్నాయి. వారాంతాల్లో వాటిలో గది దొరకడం సులువే. నాతో వచ్చిన మా ఆవిడ ఆ రోజంతా రామానుజాచార్యులు పుట్టిన ఊరు అదేనన్న ఆనందంలో ఆదికేశవ పెరుమాళ్ గుడిలో గడిపింది. తిరుమల కైంకర్యాలకు క్రమం ఏర్పరచిన మహానుభావుడి జన్మస్థలం మనకింత దగ్గరలో ఉందని నేనే ఇన్నేళ్లూ పట్టించుకోలేదు. ఆ విధంగా చూస్తే ఆ ప్రయాణంలో ఫలితం దక్కింది ఆవిడకే.

తిరిగి వచ్చాక రెండు నెలలు ఈ విషయం మాట్లాడలేదు. అప్పుడు మా బామ్మర్ది, ట్రావెల్స్ బండి నడిపేవాడు, ఒక మాట అన్నాడు: "బావా, నువ్వు కారు చూసి డబ్బు కట్టినావు, కూర్చునే టైము చూసి కట్టలేదు." పోటీలు చేసేవాళ్లు కూడా సీట్ టైమ్ అనే మాటనే వాడతారని తర్వాత తెలిసింది. అప్పటి నుంచి ఏ నిర్వాహకులకు ఫోన్ చేసినా నేను అడిగిన మొదటి ప్రశ్న, ఒక్కొక్కరి చేతిలో స్టీరింగు ఎన్ని నిమిషాలు ఉంటుందని. చాలామంది జవాబుగా ఇంజిను ఎన్ని హార్స్‌పవర్‌దో చెప్పారు. ఇద్దరు మాత్రమే నిమిషాల్లో చెప్పారు. వాళ్లలో ఒకరు బెంగళూరు శివార్లలో ఉన్నవారు.

ఇక్కడ బండి సంగతి కొంచెం చెప్పాలి. ఇవాళ మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో ఎక్కువ భాగం ముందు చక్రాలతో నడిచేవి. యాక్సిలరేటర్ తొక్కితే శక్తి ముందు చక్రాలకు పోతుంది కనుక, తొక్కే కొద్దీ వెనక భాగం జారడం పెరగదు, కారు ముక్కు మలుపు బయటికి నెట్టుకుపోతుంది. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, కాంటెస్సా, మా ఆమ్నీ, ఇవన్నీ వెనక చక్రాలతో నడిచేవి. నేర్పడానికి కావలసింది వెనక చక్రాలతో నడిచి, గేర్లు చేత్తో మార్చుకునే బండి. వెనక రెండు చక్రాలూ కలిసి తిరిగేలా బిగువైన డిఫరెన్షియల్ (ఇంజిను శక్తిని రెండు చక్రాలకూ పంచే భాగం) దానికి ఉండాలి. లేకపోతే లోపలి చక్రం ఒక్కటే ఊరికే తిరిగి శక్తి వృథా అవుతుంది. కొన్నిచోట్ల ముందు చక్రాల కారుకే వెనక టైర్ల మీద నున్నటి ప్లాస్టిక్ కడియాలు తొడిగి నేర్పుతారు. జారే బండిని సర్దుకోవడం అలవాటు కావడానికి అది పనికొస్తుంది గాని, యాక్సిలరేటర్‌తో జారుడును నిలబెట్టడం దానివల్ల రాదు. కాబట్టి నా దృష్టిలో అది రెండో రకం ఎంపిక.

రెండో ప్రయాణం ఆ బెంగళూరు వాళ్ల దగ్గరికి, చిత్తూరు, బంగారుపాళెం, మొగిలి ఘాట్, పలమనేరు, ముళబాగిలు మీదుగా. దాదాపు 250 కిలోమీటర్లు. నడుము నొప్పి ఉన్నవాళ్లు ముందురోజే బయలుదేరి బస చేయడం మేలు. పొద్దున్నే నడిపి అలసిపోయినవాడు క్లచ్ మీద కాలు ఆడించలేడు. మేము కోలారులో బస్టాండుకు దగ్గరలో ఒక సాధారణ లాడ్జిలో దిగాము. గది చిన్నది, వేడినీళ్లు 6 గంటల నుంచి 8 గంటల వరకే అని గోడ మీద రాసి ఉంది, పక్కగదిలో పెళ్లివాళ్లు రాత్రి 1 గంట దాకా మాట్లాడుతూనే ఉన్నారు. శ్రీపెరుంబుదూరు గదితో పోలిస్తే సగం సౌకర్యం. కానీ ముళబాగిలులో దారిమధ్య తిన్న దోసె, నేతితో ఎర్రగా కాల్చి మధ్యలో మెత్తగా ఉంచినది, ఆ లోటును పూర్తిగా తీర్చింది.

శిక్షణ జరిగే చోటు సిమెంటు పరిచిన ఖాళీ నేల. ఒక మూల నీళ్ల ట్యాంకరు, మధ్యలో రెండు నారింజ రంగు కోన్లు, ఒక పాత సెడాన్, దాని బంపరు వైరుతో కట్టి ఉంది. మా బామ్మర్ది దాన్ని చూసి పెదవి విరిచాడు. ఐదుగురమే శిష్యులం. శిక్షకుడిది ముళబాగిలు ప్రాంతం కావడంతో తెలుగులోనే మాట్లాడాడు. మొదటి అరగంట బండి ఎక్కించలేదు. ఎవరి హెల్మెట్టు వాళ్లకు ఇచ్చి, గడ్డం కింద పట్టీ బిగించి, తలను పట్టుకుని అటూ ఇటూ కదిపి చూశాడు. నా కాళ్లకున్న మందపాటి అడుగు బూట్లు చూసి, వాటితో పెడల్ తెలియదన్నాడు. అరువుకిచ్చిన పల్చటి కాన్వాసు బూట్లు ఒక సైజు పెద్దవి. గాయమైతే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారో, బండికి నష్టమైతే ఎంతవరకు మేము కట్టాలో సంతకం చేసే కాగితంలో స్పష్టంగా ఉంది. చెన్నై కాగితంలో నష్టం మొత్తం మాదేనని ఉంటే చదవకుండానే సంతకం చేసి వచ్చిన నాకు ఈ కాగితం చదవడం కొత్తగా అనిపించింది.

అప్పుడు ట్యాంకరు నీళ్లు వదిలారు. తడినేల మీద చక్రాలకు పట్టు తక్కువ కనుక గంటకు పాతిక, ముప్పై కిలోమీటర్ల వేగంలోనే బండి జారుతుంది, టైరు పెద్దగా అరగదు, భయం కూడా సగమే. మొదటి పాఠం ఒక కోన్ చుట్టూ వలయం. మొదటి గేరులో స్టీరింగును పూర్తిగా తిప్పి, ఇంజిను వేగం పెంచి, క్లచ్‌ను ఒక్కసారి తొక్కి చటుక్కున వదలాలి. ఆ కుదుపుకు వెనక చక్రాలు పట్టు వదిలి, బండి వెనక భాగం ఎవరో తోసినట్లు బయటికి పోతుంది. సరిగ్గా ఆ క్షణంలో నేను స్టీరింగును గట్టిగా పట్టుకుని వెనక్కి తిప్పబోయాను. బండి గిర్రున తిరిగి ఆగింది. శిక్షకుడు నా మణికట్టు మీద మెల్లగా తట్టి, "సార్, మీరు తిప్పొద్దు, వదిలేయండి, అదే తిరుగుతాది. మీరు ఊరికే పోవాల్సిన చోటు చూడండి" అన్నాడు. నాలుగోసారి వదిలాను. స్టీరింగు నా అరచేతుల మధ్య నుంచి, బావి గిలకలో తాడు జారినట్లు, తనంతట తాను పరుగెత్తింది. ముందు చక్రాలు బండి పోతున్న దిశకే తిరుగుతాయి, అది వాటి బిగింపులోనే ఉన్న గుణం. మనం చేయవలసినదల్లా సరైన చోట పట్టుకుని ఆపి, యాక్సిలరేటర్‌ను కొద్దికొద్దిగా తొక్కుతూ ఆ వాలును నిలపడం. నేను ముందు అద్దంలోంచి చూడటం మానేసి, పక్క కిటికీలోంచి కోన్‌ను చూస్తూ ఒక పూర్తి చుట్టు తిరిగాను. రేణిగుంట మలుపులో నా చేతులు ఏం చేసి ఉంటాయో అప్పుడు అర్థమైంది. అవేమీ చేయలేదు, భయంతో పట్టు వదిలేశాయి, అంతే.

మధ్యాహ్నం రెండు కోన్ల చుట్టూ ఎనిమిది అంకె వేయించారు. ఒక వలయం నుంచి ఇంకో వలయానికి మారేచోట భయంతో యాక్సిలరేటర్ పూర్తిగా వదిలితే వెనక చక్రాలకు పట్టు ఒక్కసారిగా తిరిగివచ్చి బండి రెండోవైపుకు విదిలించుకుంటుంది. ఆ తప్పు నేను ఎనిమిది సార్లు చేశాను. ఎనిమిది అంకె ఒక్కసారి కూడా పూర్తిగా కుదరలేదు. అయినా సాయంత్రానికి నా లెక్కలో స్టీరింగు నా చేతిలో ఉన్నది 70 నిమిషాలు. అక్కడి రుసుము చెన్నైలో కట్టినదానికి ఒకటిన్నర రెట్లు. నిమిషానికి లెక్కగడితే నాలుగో వంతు కూడా కాలేదు. లోపాలు లేవని కాదు. నీడ కోసం ఒక్క షామియానా కూడా లేదు, మరుగుదొడ్డి అర కిలోమీటరు దూరంలోని పెట్రోలు బంకులో. మధ్యాహ్న భోజనంగా ఇచ్చిన చిత్రాన్నం చల్లారిపోయింది. ఆడవాళ్లు వచ్చే పక్షంలో ఈ ఏర్పాట్ల గురించి ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

విదేశాల గురించి కూడా కొందరు అడుగుతున్నారు. ఈ విద్య పుట్టిల్లు జపాన్. ఫుకుషిమా ప్రాంతంలోని ఎబిసు సర్క్యూట్ డ్రిఫ్టింగ్‌కు పేరుపొందిన చోటు. కానీ క్లచ్ ఎప్పుడు వదలాలో తెలియనివాడు అంత దూరం పోయి నేర్చుకునేది ఇక్కడి ట్యాంకరు నీళ్లలో నేర్చుకునేదే. ఎనిమిది అంకె కుదిరాక ఆ ఖర్చు ఆలోచించవచ్చు.

తిరుపతి చుట్టూ ఖాళీ లేఅవుట్లలో రాత్రిపూట సాధన చేయవచ్చు కదా అని మా వీధి కుర్రాళ్లు అడిగారు. బహిరంగ స్థలంలో వేగ పరీక్షలు చేసినవారికి మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను కింద మొదటిసారికే 3 నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. సొంత కారు బీమా పాలసీ కాగితం తీసి చూసుకుంటే రేసింగు, వేగ పరీక్షలకు అది వర్తించదని అందులోనే రాసి ఉంటుంది. నిర్వాహకుల బండిలో, వాళ్ల నేల మీద నేర్చుకోవడానికి నేను డబ్బు కట్టింది సగం ఇందుకే. కొండ మీదికి పోయేటప్పుడు 28 నిమిషాలకు, దిగేటప్పుడు 40 నిమిషాలకు తక్కువ కాకుండా నడపమని ఘాట్ రోడ్డులో చీటీ ఇచ్చిన ఊరివాళ్లం మనం.

బెంగళూరు వాళ్ల దగ్గర రెండో రోజు పాఠానికి నవంబరుకు తేదీ తీసుకున్నాను. వాన పడితే రద్దు చేస్తారా అని అడిగితే, వాన పడితే ట్యాంకరు ఖర్చు తగ్గిస్తామన్నారు. ఈసారి బంపరుకు వైరు కట్టిన ఆ బండిని చూసి పెదవి విరిచిన మా బామ్మర్ది కూడా పేరు రాయించుకున్నాడు. నిన్న సాయంత్రం గాంధీ రోడ్డులో పల్చటి అడుగున్న కాన్వాసు బూట్లు రెండు జతలు కొని, నా జత సరిగ్గా నా సైజుదేనా అని ఫోన్ చేసి అడిగాడు.