హైదరాబాద్ తూఫాన్స్: పెనాల్టీ కార్నర్ వస్తేనే పండుగ

నల్గొండలో కూసొని హాకీ ఇండియా లీగ్ జట్టు హైదరాబాద్ తూఫాన్స్‌ను మొదటి వేలం నుంచి వెంబడిస్తున్నోడిగా ముందే చెప్తున్న: ఈ జట్టు పెనాల్టీ కార్నర్‌కు (అవతలోళ్లు తమ గోల్ ముందరి అర్ధచంద్రంల, అంటే ‘డీ’ల, తప్పు చేస్తే దొరికే అవకాశం) నేను ఫిదా. మిగతా ఆట మీద అంత ప్రేమ లేదు. లీగ్ ఎట్ల నడుస్తది, పాయింట్లు ఎట్ల ఇస్తరు అన్నవి హాకీ చూసేటోళ్లందరికీ తెలిసిన ముచ్చట్లే, వాటి జోలికి పోను.

2024 అక్టోబర్ వేలంలో ఒక్కో జట్టు పర్సు 4 కోట్లు. దాంతోనే 24 మందిని కూర్చుకోవాలె, అందులో 8 మంది విదేశీయులు. ఆ 4 కోట్లల్ల 68 లక్షలు తూఫాన్స్ కార్నర్లు కొట్టే ఒక్క గొంజాలో పెయిలాట్ మీదనే పెట్టింది. విదేశీ ఆటగాళ్లల్ల అదే పెద్ద ధర. ఒక డిఫెండర్‌కు పర్సులో ఆరో వంతు కంటే ఎక్కువ ఏందని అప్పుడు నవ్వినోళ్లున్నరు. వాళ్లు ఆయన చరిత్ర చూడలేదు. 2016 రియో ఒలింపిక్స్‌లో అర్జెంటీనా స్వర్ణం గెల్చినప్పుడు 11 గోల్స్‌తో టాప్ స్కోరర్ ఆయనే. ఆ సెమీస్‌లో జర్మనీ మీద హ్యాట్రిక్ కొట్టి, తర్వాత అదే జర్మనీకి మారి, 2023 ప్రపంచకప్ సెమీస్‌లో ఆస్ట్రేలియా మీద ఇంకో హ్యాట్రిక్ కొట్టిండు. 2024 పారిస్ ఒలింపిక్స్ సెమీస్‌లో మనం 3-2తో ఓడిపోయిన మ్యాచ్‌లో 18వ నిమిషం గోల్ కూడా ఆయనదే. ఆగస్టులో మనల్ని ఏడిపించినోడు డిసెంబర్‌కల్లా మన జెర్సీ వేసుకున్నడు. లీగ్ అంటే గంతే.

ఇగ అసలు ముచ్చటకు వస్త. అంపైర్ కార్నర్ ఇచ్చినంక గడియారం 40 సెకన్లు ఆగుతది. చాలామంది అప్పుడే నీళ్లకు లేస్తరు, ఫోన్ తీస్తరు. చూడాల్సింది అప్పుడే. గోల్ గీత వెనక మాస్కులు తొడుక్కునే ఐదుగురు డిఫెండర్లను కాసేపు వదిలేసి, డీ పైన ఎంతమంది నిలబడ్డరో లెక్కవెట్టాలె. ఆపేటోడు ఒకడు, కొట్టేటోడు ఒకడు, ఒకటే జత ఉంటే సాదా ప్లాన్. రెండు జతలు ఉంటే బంతి ఎటు పోతదో డిఫెండర్లల్ల ముందు ఉరికేటోడికి చివరిదాకా అంతుపట్టదు. వాడు ఒక్క క్షణం తటపటాయిస్తే చాలు, ఫ్లిక్కర్‌కు (బంతిని స్టిక్‌తో లాగి విసిరేటోడికి) అదే బంగారం.

బంతిని నెట్టేటోడు పోస్టుకు 10 మీటర్ల అవతల గీత మీద ఉంటడు. అక్కడి నుంచి డీ నడిమి పైభాగానికి దగ్గర దగ్గర 19 మీటర్లు. బంతి డీ దాటి పూర్తిగా బయటికి రావాలె, బయట ఆపినంక మళ్ల లోపలికి లాగి కొట్టాలె. అక్కడి నుంచి గోల్ 14.63 మీటర్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో ఫ్లిక్ పడితే అర సెకను చిల్లరల వలలో ఉంటది. నెట్టుడు, ఆపుడు, లాగుడు, కొట్టుడు అన్నీ కలిపి రెండు సెకన్ల పని. హిట్ కొడితే మొదటి షాట్ 460 మిల్లీమీటర్ల గోల్ బోర్డు ఎత్తు దాటొద్దు. ఫ్లిక్‌కు ఆ కట్టడి లేదు, పై మూలలకు కూడా లేపొచ్చు. గోల్‌కీపర్‌కు కష్టం అక్కడనే మొదలైతది: కింద పడుకుంటే పైన ఖాళీ, నిలబడితే కింద ఖాళీ.

పెయిలాట్ లాంటోళ్ల ఫ్లిక్‌ను స్లో మోషన్ల చూసినప్పుడు చేతులు చూడొద్దు, కాళ్లు చూడాలె. కుడికాలు దగ్గర బంతి స్టిక్ కింది వంపుల కూసుంటది. ఎడమకాలు పెద్ద అంగ వేసి నేలకు ఆనుతది, నడుము బాగా కిందికి దిగుతది, బంతి ఆ ఎడమకాలు దాటి ముందుకు పోయినంకనే స్టిక్‌ను విడుస్తది. బంతి స్టిక్ మీద ఎంత దూరం ప్రయాణం చేస్తే అంత వేగం. అంగ చిన్నగ పడ్డదంటే ఆ ఫ్లిక్ మెత్తగ పోతది. కొట్టకముందే తెలిసిపోతది.

అయితే కార్నర్ చెడేది ఎక్కువగా కొట్టేటోడి దగ్గర కాదు, ఆపేటోడి దగ్గర. నెట్టిన బంతి నేలకు అంటుకొని రావాలె. నీళ్లు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడ్డ టర్ఫ్ మీద అది చిన్నగ ఎగురుతది. ఆపేటోడి స్టిక్‌కు తగిలి జానెడు పక్కకు పోయిందనుకోండి, ఫ్లిక్కర్ అంగ మార్చుకోవాలె. ఆ సందులో మొదటి రన్నర్ మీదికి వచ్చేస్తడు. అప్పుడు కొడితే బంతి వాడి స్టిక్‌కో కాలికో తగులుతది. కాలికి తగిలితే మళ్ల కార్నర్, అదొక లాభం. స్టిక్‌కు తగిలితే అవతలోళ్లకు కౌంటర్ అటాక్. ఐదుగురిలో ఒకడు ముందుగాలనే ఉరికితే వాడు సెంటర్ లైన్ అవతలికి పోవాలె, నలుగురితోనే ఆపాలె. ఇది తెలిసిన జట్లు నెట్టేటోడి ఊపిరిని బట్టి ఉరుకుతయ్.

నాకు ఒళ్లు మండేది ఇంకో నియమం దగ్గర. హాకీలో ఎప్పుడంటే అప్పుడు ఆటగాణ్ని మార్చుకోవచ్చు కదా, కార్నర్ ఇచ్చినంక అది అయిపోయేదాకా మార్చొద్దు. దెబ్బ తగిలిన లేదా సస్పెండ్ అయిన డిఫెండింగ్ గోల్‌కీపర్‌కు తప్ప మినహాయింపు లేదు. అంటే 68 లక్షల ఆటగాడు ఆ నిమిషంల బెంచి మీద అలుపు తీర్చుకుంటుంటే, ఆ కార్నర్‌కు ఆయన ఉన్నా లేనట్టే. డబ్బులు పెట్టి కొన్న ట్రాక్టర్ దుక్కి రోజున షెడ్డుల ఉన్నట్టు. అందుకే ఏ జట్టుకైనా రెండో ఫ్లిక్కర్ తప్పనిసరి. తూఫాన్స్‌కు ఆ పని అమన్‌దీప్ లాక్రా చేసిండు. కుర్రోడు, వెనకాడడు. నా లెక్కల ఆ మొదటి సీజన్లో జట్టుకు దక్కిన పెద్ద లాభం పెయిలాట్ కంటే లాక్రానే. ఈ మాట మొదట్లో ఎవడన్నా అంటే నేనే ఒప్పుకునేటోణ్ని కాదు.

2025 ఫిబ్రవరి 1న రూర్కెలా బిర్సా ముండా స్టేడియంలో ఫైనల్. అవతల శ్రాచి రాఢ్ బెంగాల్ టైగర్స్. 9వ నిమిషంల పెయిలాట్ గోల్, 1-0. అప్పటికి నల్గొండ దాకా సంబురమే. 25వ నిమిషంల టైగర్స్ ఫ్లిక్కర్ జుగ్‌రాజ్ సింగ్ సమం చేసిండు. మరు నిమిషంలనే లాక్రా కొట్టి మళ్ల ముందు నిలబెట్టిండు. సగం ఆటకు 2-1. ఇక్కడికి వచ్చినంక ఏ జట్టయినా ఆటను చల్లబరచాలె, డీలోకి అవతలోళ్లను రానీయొద్దు, వచ్చినా కాలు అడ్డం పెట్టొద్దు. అట్ల జరగలేదు. 32లో జుగ్‌రాజ్, 35లో మళ్ల జుగ్‌రాజ్. మూడు నిమిషాల్లో ఆట తారుమారు. 39లో పెయిలాట్ 3-3 చేసినా, 54వ నిమిషంల టైగర్స్ ఫార్వర్డ్ శామ్ లేన్ నాలుగోది కొట్టిండు. ఆరు నిమిషాలు మిగిలినయ్, సరిపోలేదు. 4-3.

ఆ ఏడు గోల్స్‌ను ఒకసారి విప్పి చూడండి. మొదటి ఆరు కొట్టింది ముగ్గురు ఫ్లిక్కర్లు, మావోళ్లు ఇద్దరు, వాళ్లోడు ఒకడు. ఫ్లిక్కర్ల పోటీ 3-3తో సమం. తేల్చింది ఏడోది, అది ఫార్వర్డ్ కొట్టింది. మావైపు ఫార్వర్డ్ పేరు స్కోర్‌బోర్డు మీద లేదు. పైన నేను మెచ్చుకున్నదంతా నిజమే గానీ దాని వెనక ఉన్న లోటు కూడా ఇదే. కార్నర్ మీద అంత నమ్మకం ఉన్న జట్టుకు డీలోకి పోయినంక కొట్టుడు కంటే అవతలోడి కాలు వెతుకుడు అలవాటైతది. కార్నర్ దొరికిన రోజు ఆ జట్టును ఆపేటోడు లేడు. దొరకని పది నిమిషాలు చూసుడు మాత్రం కష్టం. ఆ సీజన్ బెస్ట్ గోల్‌కీపర్ తూఫాన్స్ బిక్రమ్‌జీత్ సింగ్ అన్నది కూడా గుర్తుపెట్టుకోవాలె. అంత మంచి కీపర్ ఉండి జుగ్‌రాజ్‌వి మూడు పడ్డయంటే, ఫ్లిక్‌ను ఆపుడు ఎంత కష్టమో అర్థమైతది.

పేరులో హైదరాబాద్ ఉంది, ఆట హైదరాబాద్‌లో లేదు. మొదటి సీజన్ పురుషుల మ్యాచ్‌లు రూర్కెలా, రాంచీలల్లనే జరిగినయ్. నల్గొండ నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్లు, బస్సెక్కితే మధ్యాహ్నానికి పోయి రాత్రికి రావొచ్చు. రూర్కెలాకు ఎవరు పోతరు? గచ్చిబౌలిలో టర్ఫ్ ఉంది, 2005లో ప్రీమియర్ హాకీ లీగ్ మొదటి సీజన్ అక్కడనే నడిచింది, హైదరాబాద్ సుల్తాన్స్ అక్కడనే కప్పు గెల్చింది. ఆ లీగ్‌ల ఆట నాలుగు భాగాలు, ఒక్కోటి పదిహేడున్నర నిమిషాలు. అంతర్జాతీయ హాకీ నాలుగు క్వార్టర్లకు వచ్చింది 2014లో. అంత ముందున్న లీగ్ 2008కే మూతబడ్డది, సుల్తాన్స్ పోయింది. 2013లో మొదలైన హాకీ ఇండియా లీగ్‌ల హైదరాబాద్ పేరే లేదు, అది కూడా 2017 తర్వాత ఆగి, మళ్ల లేచింది 2024 డిసెంబర్‌లో. సుల్తాన్స్ జెర్సీ ఇంకా ఇంట్ల ఉన్నోళ్లకు తూఫాన్స్ జెర్సీ కొనాలంటే చెయ్యి ఆడకపోవుడు సహజమే. నాకు ఇప్పటికీ ఆడలేదు.

టీవీల చూసేటోళ్లకు రెండు మాటలు. మ్యాచ్‌లు చలికాలం రాత్రులు. నడుమ సంక్రాంతి పడుతది, ఊరికి పోతే టీవీ మన చేతుల ఉండదు. మొదటి సీజన్ దూరదర్శన్‌ల ఉచితంగ వచ్చింది, అది పెద్ద ఉపకారం. యాప్‌ల చూస్తే ప్రసారం టీవీ కంటే వెనకబడి వస్తది. కార్నర్ ఇంకా నెట్టకముందే దోస్తు వాట్సాప్‌ల 'గోల్' అని పెడ్తడు. ఫోన్ నోటిఫికేషన్లు బంద్ పెట్టుకుంటే తప్ప మందు లేదు. ఇంకోటి, వీడియో నాణ్యతను ఆటోల వదిలేయొద్దు. నెట్ కొంచెం తగ్గంగనే బొమ్మ మసక అయితది, నీలం టర్ఫ్ మీద చిన్న బంతి కనబడకుండ పోతది. 720 దగ్గర కట్టిపడేసి, ఒకటి రెండుసార్లు ఆగినా సరే అనుకుంటేనే ఫ్లిక్ కండ్లకు ఆనుతది. మ్యాచ్ మొత్తం చూసే తీరిక లేనోళ్లు హైలైట్స్ చూడొచ్చు గానీ, వాటిల్ల ఆ 40 సెకన్లు కోసేస్తరు. నా దృష్టిలో అసలు సరుకు అదే.

పెయిలాట్‌ను చూసినంక పిల్లగాళ్లకు డ్రాగ్ ఫ్లిక్ పిచ్చి పడుతది, అమ్మానాయినలు లో బో కార్బన్ స్టిక్ వెతుకుతరు. జర ఆగండి. లో బో అంటే స్టిక్ వంపు కిందికి ఉండుడు. నియమాల ప్రకారం వంపు 25 మిల్లీమీటర్లు దాటొద్దు, స్టిక్ కింది కొసకు 200 మిల్లీమీటర్ల లోపల ఉండొద్దు. ఆ వంపు ఉపయోగపడేది తడి టర్ఫ్ మీద. మన దిక్కు గ్రౌండ్లు మొరం, సన్న కంకర. లాగుడు మొదలువెట్టంగనే స్టిక్ కింది జానెడు భాగం నేలకు రాసుకుంటది, పైపూత లేచిపోతది, తర్వాత పోగులు బయటికి వస్తయ్. ఆ పోగులు అరచేతిల దిగితే తీసుడు నరకం. ఒకసారి పొరలు విడిచిన స్టిక్‌కు ఏ గమ్ము పెట్టినా నిలవదు, కొట్టినప్పుడు డబ్బా చప్పుడు వస్తది. మొరం మీద మల్బరీ కట్టె స్టిక్కే నయం, కింద గుడ్డ టేపు రెండు చుట్లు చుట్టి, చిరగంగనే మార్చుకుంటే చాలాకాలం నడుస్తది. ఫ్లిక్ నేర్చుకోవాలనుకుంటే బాస్కెట్‌బాల్ కోర్టు లాంటి నున్నటి సిమెంట్ మీద, మెత్తటి ప్లాస్టిక్ బంతితో, ముందు కాళ్ల అడుగులు మాత్రమే. వేగం తర్వాత. గ్రౌండ్ మీద మ్యాచ్ ఆడేటప్పుడు కార్నర్‌కు పాత పద్ధతి, ఆపి గట్టిగ బోర్డుకు కొట్టుడే, ఎక్కువ గోల్స్ తెస్తది. గరుకు నేల మీద ఫ్లిక్ కంటే హిట్ నమ్మకం.

జట్టును సిఫారసు చేస్తవా అంటే, అది మీ ఇంటి పరిస్థితిని బట్టి. రాత్రిపూట గంటన్నర టీవీ మీ చేతుల ఉండి, ఒక్క ఫ్లిక్ కోసం అంతసేపు ఓపిక పట్టే గుణం ఉంటే తూఫాన్స్‌ను పట్టుకోండి. ఫీల్డ్ గోల్స్, పాసింగ్ ఆట కావాలనుకునేటోళ్లకు ఇదే లీగ్‌ల వేరే జట్లున్నయ్. నేనయితే గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ పెట్టినా టికెట్ కొంట, అప్పటిదాకా జెర్సీ కొనను.