బారువలో వేసవి ఇల్లు: సముద్రం కనిపించడం కన్నా నుయ్యి ముఖ్యం

శ్రీకాకుళం జిల్లా బారువ తీరంలో సెలవులకు ఇల్లు అద్దెకు తీసుకునే కుటుంబాలు ముందుగా అడిగేది, అరుగు మీద కూర్చుంటే సముద్రం కనిపిస్తుందా లేదా అని. తీరానికి ఎదురుగా ఉన్న ఇంట్లోనూ, తోటల వెనుక ఊరి వైపు ఉన్న ఇంట్లోనూ వేసవులు గడిపిన తరువాత, ఆ ప్రశ్న కన్నా ముందు ఇంటికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయని అడగాలని నేను గట్టిగా చెప్పగలను. అలల గురించీ, కొబ్బరి తోటల గురించీ, మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోటు గురించీ మన జిల్లాల వారికి నేను కొత్తగా చెప్పవలసినది లేదు కనుక, ఇంటి చోటు గురించి మాత్రమే రాస్తున్నాను.

విజయనగరం నుంచి రైల్లో వెళ్లి, సోంపేట స్టేషన్‌లో దిగి ఆటో మాట్లాడుకునే కుటుంబం మాది. అత్తయ్య, ఆడపడుచు వాళ్లు, పిల్లలు అందరం కలిసి వెళతాం. వంట ఇంట్లోనే చేసుకుంటాం. మొదట తీసుకున్నది గుమ్మం దాటితే ఇసుకే అన్నట్టున్న ఇల్లు. గాలి, వెలుతురు, సముద్రపు హోరు అన్నీ ఆశించినట్టే ఉన్నాయి. నీళ్లు కూడా వచ్చిన రోజు బాగానే ఉన్నాయి. ఇంటివారు బోరు నీళ్లు తియ్యగా ఉంటాయని చెప్పిన మాట ఆ రోజుకు అబద్ధం కాదు.

ఆ తరువాత, ఇంటి నిండా మనుషుల స్నానాలకూ, ఇసుక పట్టిన బట్టలు ఉతకడానికీ మోటారు పూటపూటకూ వేయవలసి రావడంతో, నీటి రుచి మారడం మొదలైంది. ముందు కాఫీలో తెలిసింది. తరువాత కందిపప్పు ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకు పలుకుగానే మిగిలింది. చిన్నదానికి తల రుద్దితే సబ్బు నురగ రాకపోగా, తెల్లటి జిడ్డులా జుట్టుకు అంటుకుపోయింది. ఆరాక ఆ జుట్టు కొబ్బరి పీచులా బిరుసెక్కింది. స్టీలు గిన్నెలు బోర్లించిన చోట తెల్లటి చారలు కట్టాయి. సముద్రంలో ఆడి వచ్చిన పిల్లల ఒంటి మీది ఉప్పును మళ్లీ ఉప్పు నీళ్లతోనే కడగడం వల్ల వాళ్ల మెడల దగ్గరా, తొడల మధ్యా ఒరిసి ఎర్రటి పొక్కులు లేచాయి. ఇంటివారికి ఫోన్ చేస్తే మోటారు కాసేపు ఆపమన్నారు. ఆపితే కొంత నయమయ్యేది, మళ్లీ వేస్తే ఉప్పు మళ్లీ వచ్చేది. చివరికి ట్రాక్టరు ట్యాంకరు తెప్పించుకుని, బిందెలతో లెక్కపెట్టుకుని వాడుకున్నాం. సెలవులకు వచ్చిన ఆడవాళ్లకు రోజంతా ఆ లెక్కతోనే సరిపోయింది. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

దీనికి కారణం తీరంలో ఉన్నవారందరికీ తెలిసినదే. ఇసుక నేలలో వాన నీరు ఇంకి, తనకన్నా బరువైన సముద్రపు నీటి మీద తేలుతూ నిలుస్తుంది. తీరం నుంచి ఊరి వైపు వెళ్లిన కొద్దీ ఆ మంచినీటి పొర మందం పెరుగుతుంది. సముద్రమట్టం కన్నా ఒక మీటరు ఎత్తున మంచినీరు నిలిస్తే, సముద్రమట్టానికి కింద సుమారు 40 మీటర్ల వరకు మంచినీరే ఉంటుందని భూగర్భజల శాస్త్రం చెబుతుంది. మంచినీటి మట్టం సముద్రం వైపు దిగుతూ వచ్చే తీరపు అంచున ఆ పొర పలచబడిపోతుంది. అక్కడ లోతుగా బోరు వేసి మోటారుతో గట్టిగా లాగితే, పైన ఉన్న మంచినీరు తరిగి కింది ఉప్పునీరు గొట్టం వైపు పైకి లేస్తుంది. వాడకం లేక ఖాళీగా ఉన్న ఇంట్లో మొదటి రోజు నీళ్లు తియ్యగా ఉండడానికీ, జనం దిగాక ఉప్పగా మారడానికీ ఇదే కారణం.

ఆ తరువాతి వేసవి నుంచి మేం తీసుకుంటున్నది తీరం నుంచి నడిచి వెళ్లవలసినంత దూరంలో, తోట వెనుక ఉన్న పాత పెంకుటిల్లు. పెరట్లో వరల నుయ్యి ఉంది, లోతు తక్కువ. గిలకకు చాంతాడు వేసి చేదతో తోడుకోవాలి. చిన్న మోటారు బిగించుకుంటామని మావారు అంటే, పక్కింటి మామ్మ ఒప్పుకోలేదు. "మోటారు పెడితే అడుగునుంచి ఉప్పు లేస్తాది బాబూ, చేదతో తోడుకుంటే ఊరిన నీరు ఊరినట్టే ఉంటాది" అంది. ఆమె చెప్పినట్టే చేశాం. అప్పటి నుంచి మేం వెళ్లిన ప్రతి వేసవిలోనూ ఆ నీళ్లతో పప్పు ఉడికింది, సబ్బు నురిగింది. సాయంత్రం సముద్రం నుంచి వచ్చిన పిల్లలను నూతి చప్టా మీద వరుసగా నిలబెట్టి చేదలతో నీళ్లు కుమ్మరిస్తుంటే వాళ్లు వేసే కేకల కోసమైనా నేను ఆ ఇంటినే ఎంచుకుంటాను.

అయితే ఈ నీటిని మెచ్చుకున్నంత మాత్రాన తాగడానికి వాడమని చెప్పలేను. ఇసుక నేలలో మరుగుదొడ్డి గుంత దగ్గరగా ఉంటే ఆ మురికి సులువుగా నూతిలోకి చేరుతుంది. కనుక ఇల్లు చూసేటప్పుడు ఆ రెండింటి మధ్య దూరాన్నీ, గుంత ఏ వైపు ఉందన్నదాన్నీ చూడడం అవసరం. పైగా ఇది కిడ్నీ వ్యాధి ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం. ఆ వ్యాధికి కారణం ఇంకా తేలని చోట నాలుకకు తియ్యగా ఉన్నది ఒంటికి మంచిదని అనుకోలేం. తాగడానికి మేం డబ్బా నీళ్లే కొంటాం. మే నెలాఖరుకు నూతిలో మట్టం బాగా దిగి, తెల్లవారుజామున తోడుకోకపోతే చేదలో ఇసుక వస్తుంది.

తోట నీడ గురించి కూడా మునుపటిలా చెప్పలేను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆ తోటలో చాలా చెట్లు పడిపోయాయి. తిరిగి నాటినవి ఇంకా అంత ఎత్తు ఎదగలేదు. ఒకప్పుడు నీడలో నడిచి వెళ్లిన దారి ఇప్పుడు పది గంటలకే కాలుతుంది. అందుకే సముద్రానికి తెల్లవారగానే ఒకసారి, ఎండ చల్లబడ్డాక మరొకసారి వెళతాం. పెద్దలు తోడు లేకుండా పిల్లలు నీళ్ల దగ్గరికి వెళ్లలేరన్నది ఆ దూరం వల్ల కలిగిన మేలు. మన తీరంలో అల వెనక్కి లాగే బలం తెలిసినవారికి అదెంత మేలో చెప్పనక్కరలేదు.

చేపల కోసం తీరం పక్కనే ఉండాలనుకునేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మర పడవలకూ, మోటారు పడవలకూ వేట నిషేధం. బడి సెలవులు దాదాపుగా అందులోనే పోతాయి కనుక, మోటారు లేని తెప్పల వారు తెచ్చిన కాసిని చేపలే దొరుకుతాయి; అవి తోటల వైపు ఇళ్లకూ తట్టల్లో వస్తాయి.

నీళ్లు ఎక్కువ వాడని ఇద్దరు ముగ్గురు, భోజనం బయట చేసేవారైతే, ఒకటి రెండు రాత్రులకు తీరానికి ఎదురుగా ఉన్న ఇంట్లో సుఖంగానే ఉండవచ్చు. వారం రోజులు వండుకుని తినే కుటుంబానికి నేను నూతి ఇల్లే చెబుతాను. అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు పెరిగి నిరుడు సాయంత్రాలు ఇంటి దగ్గరే ఉండిపోయారు. ఈ ఏడాది ఆమెను తీరం దాకా తీసుకువెళ్లడానికి ఆటో కుదిరితేనే ఆ ఇంటికి అడ్వాన్సు ఇస్తాం.