ముందు బ్రాకెట్టా, ముందు పంచడమా?

విభాగ న్యాయం ప్రకారం a(b + c) = ab + ac. ముందు బ్రాకెట్ లోపలిది తేల్చినా, బయటి సంఖ్యను లోపలి ఒక్కో పదానికీ పంచి గుణించినా జవాబు ఒకటే, తేడా శ్రమలోనే.

శ్రమ: 7(38 + 62)లో ముందు బ్రాకెట్ చేస్తే 7 × 100 = 700, నోటిలెక్క. పంచితే 266 + 434. మూడు లెక్కలు, పైగా దశకం ఎక్కించాలి. 48 × 99 దగ్గర కథ తిరగబడుతుంది: 99ని (100 − 1)గా విడగొట్టి పంచితే 4800 − 48 = 4752.

భిన్నాలు: 12(1/3 + 1/4)ని పంచితే 4 + 3 = 7. ముందు కూడితే క.సా.గు. కట్టి 7/12 తెచ్చి, మళ్లీ 12తో గుణించాలి. ఎందుకొచ్చిన గొడవ!

ప్రమాదం: బ్రాకెట్ దారిలో తప్పులు తక్కువ. పంచేటప్పుడు రెండో పదాన్ని వదిలేసి 3(x + 4)ని 3x + 4 అని రాసేస్తారు. 3x + 12 రావాలి. రుణ గుర్తు ఇంకా మోసం చేస్తుంది: −2(x − 5) అంటే −2x + 10, చివర −10 కాదు. లోపల గుణకారముంటే పంచనే కూడదు: 2(3 × 4) = 24, 6 × 8 కాదు.

భాగహారంలో (84 + 36) ÷ 12ని 7 + 3గా పంచొచ్చు. 120 ÷ (8 + 4)ని మాత్రం విడదీయకండి. 10 రావాల్సింది 15 + 30, అంటే 45 అయి కూర్చుంటుంది.

లోపలి మొత్తం గుండ్రంగా వస్తే బ్రాకెట్. భిన్నాలు, 98, 103 లాంటి సంఖ్యలైతే పంచండి. 5(x + 3) = 2x + 27లో పంచడమే మేలు; 5(x + 3) = 40 అయితే 5తో భాగించేయండి, x = 5.